రోజూ నీళ్లు పోస్తున్నా రోజ్‌మేరీ ఎండిపోతోంది, కొత్తిమీర పూతకొచ్చేసింది. ఏం చేయాలి?

కొత్తిమీర, పుదీనా, బేసిల్ (వంటలో వాడే తులసి జాతి మొక్క), రోజ్‌మేరీ నాలుగూ ఒకే తొట్టిలో పెట్టి రోజూ తడుపుతున్నానన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. వంటింట్లో కలిసిపోయినంత తేలిగ్గా ఇవి మట్టిలో కలవవు. కొన్నేళ్లుగా వీటిని పెంచుతున్నాను, నేను చేసే పద్ధతి చెబుతాను.

రోజ్‌మేరీ మధ్యధరా తీరపు రాతినేలల మొక్క. నీళ్లు చాలకపోయినా, ఎక్కువై వేళ్లు కుళ్లినా పైకి కనబడేది ఒకటే: ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగి కొమ్మ ఎండిపోతుంది. అది చూసి దాహమేమో అనుకుని ఇంకాస్త పోస్తాం, అది ఇంకాస్త తొందరగా పోతుంది. మట్టిలోకి వేలు రెండు అంగుళాలు దింపి చూడండి. తడి తగిలితే ఆ రోజుకి నీళ్లు వద్దు. మట్టిలో మూడో వంతు ముతక ఇసుక కలిపి, అడుగున చిల్లులున్న వేరే కుండీలోకి మార్చండి. రోజుకి ఆరు గంటల ఎండ ఉంటే చాలు, ఎరువు దాదాపు అడగదు. కొత్త మొక్క కావాలంటే విత్తనాల జోలికి పోకండి. అవి మొలవడం ఆలస్యం, మొలిచేవీ తక్కువ. పూత లేని లేతకొమ్మను నాలుగు అంగుళాలు కత్తిరించి, కింది ఆకులు దూసేసి, తడి ఇసుకలో గుచ్చితే కొన్ని వారాల్లో వేరు పడుతుంది.

కొత్తిమీర పూతకి రావడం జబ్బు కాదు. వేడి పెరిగినా, పగలు పొడవైనా, నారు పీకి మార్చినా (తల్లివేరు మొక్క కదా, వేరు కదిపితే ఓర్చుకోదు) త్వరపడి పూస్తుంది. పూతకాడ తుంచితే మళ్లీ ఆకు వస్తుందంటారు. వస్తుంది కానీ సోంపాకులా సన్నగా ఉంటుంది, నా లెక్కలో అది దండగ శ్రమ. దానికి బదులు రెండు మూడు వారాలకోసారి కాసిని ధనియాలు చల్లుతుంటాను. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. మెల్లగా నలిపి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున వేయండి. మొలకకి ఒక్కోసారి మూడు వారాలు కూడా పడుతుంది, మధ్యలో తవ్వి చూడొద్దు! పూసిన మొక్కల్లో ఒకటి రెండు ఉంచేయండి. ఆ పూలకి హోవర్‌ఫ్లై ఈగలు వస్తాయి, వాటి పిల్లపురుగులు పేనుబంకని (మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు) తినేస్తాయి.

పుదీనాకి విడి కుండీ తప్పదు. దాని తీగవేళ్లు తొట్టంతా పాకి మిగతావాటిని తొక్కేస్తాయి. ఒక కాడని గ్లాసు నీళ్లలో ఉంచితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి.

బేసిల్ ఇప్పుడున్న తొట్టిలోనే ఉండొచ్చు. ఆకులు ఒక్కొక్కటిగా గిల్లకుండా, మొక్క ఆరు అంగుళాలయ్యాక ఆకుల జతకి కాస్త పైన కొస తుంచండి, అక్కడినుంచి రెండు కొమ్మలు లేస్తాయి. మొగ్గ కనబడితే తీసేయండి. చలి 10 డిగ్రీల కిందికి దిగే చోటైతే లోపల పెట్టుకోండి, లేకపోతే ఆకులు నల్లబడతాయి.

ముందు రోజ్‌మేరీని పైకి తీసి వేళ్లు చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే కొత్త కుండీలో కోలుకుంటుంది. నల్లగా మెత్తబడిపోయి ఉంటే పచ్చగా మిగిలిన కొమ్మలేవైనా కత్తిరించుకుని, మిగతా మొక్క పారేయండి.