‘మార్చి ఇవ్వగలరు’ అంటే కోరినట్టేనా?

సందేహం: ఏప్రిల్‌లో ఒంగోలులోని ఒక దుకాణంలో 24,500 రూపాయలకు ఫ్రిజ్ కొన్నాము. నెల తిరగకముందే చల్లబరచడం మానేసింది. మెకానిక్ ఒకసారి చూసి వెళ్లాడు. ఆ తరువాత ఫోన్ చేసినప్పుడల్లా ‘పది దినాలు ఆగండి, కంపెనీవాళ్లు వస్తా ఉండారు’ అనడమే గాని ఎవరూ రాలేదు. దుకాణానికి ఉత్తరం రాసి, చివర ‘తమరు దయవుంచి మా ఫ్రిజ్ మార్చి ఇవ్వగలరు’ అని పెట్టాను. మా బావగారు చూసి, ఫిర్యాదు గ్రాంథికంలో ఉంటేనే పట్టించుకుంటారన్నారు. నిజమేనా? చిత్తుప్రతి జతచేశాను. — ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీ ఉత్తరానికి బలం చాలలేదన్నంతవరకు మీ బావగారితో ఏకీభవిస్తాను. ఆ బలం గ్రాంథికం వల్ల వస్తుందంటే మాత్రం ఒప్పుకోలేను. ‘కొనియుంటిమి’ అని గంభీరంగా ఎత్తుకుని, రెండో పేరాకల్లా ‘కొన్నాం, చెప్పాం’లోకి దిగిపోయే అర్జీలు మనకు కొత్త కాదు. పత్రికల్లో చదివే శిష్టవ్యావహారికం ఫిర్యాదుకు నిండుగా సరిపోతుంది. చూసుకోవలసింది వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఏమిటి అన్నదే.

ముందు ‘ఇవ్వగలరు’ సంగతి. ‘గమనించగలరు’, ‘పంపగలరు’ వంటివి ఆఫీసు ఉత్తరాల్లో మర్యాద కోసం స్థిరపడిన ప్రయోగాలు. వాటిని తప్పనను. కాని ‘గల’ సహజంగా శక్తిని చెబుతుంది కనుక, ‘మీరు మార్చి ఇవ్వగలరు’ అన్న వాక్యాన్ని, మార్చి ఇచ్చే స్తోమత మీకుందని మెచ్చుకున్నట్టుగా చదువుకున్నా వ్యాకరణం అడ్డురాదు. ‘మార్చి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను’ అంటే చేయవలసినది ఏమిటో, అడుగుతున్నది ఎవరో రెండూ తేలిపోతాయి. ‘ఇస్తారని ఆశిస్తున్నాను’ ఇంకా పలచన, ఎందుకంటే ఆశ నెరవేరకపోతే అవతలివారి పూచీ ఏమీ ఉండదు.

‘తమరు’ మంచి మాటే, అయితే పక్కన ‘దయవుంచి’ చేరేసరికి ఫిర్యాదు విన్నపంగా మారిపోయింది. డబ్బిచ్చి వస్తువు కొన్నవారు దయ కోరనక్కరలేదు. ‘మీరు’ చాలు. పైగా మీ చిత్తుప్రతిలో మొదట ‘తమరు’, మధ్యలో ‘మీరు’, చివరికి ‘వాళ్లు మమ్మల్ని తిప్పుకుంటా ఉండారు’ అని ఉంది. ఉత్తరం ఎవరికి రాస్తున్నారో వారినే ‘వాళ్లు’ అంటే, చదివే దుకాణదారు అది కంపెనీ మీద ఫిర్యాదని తప్పుకోవడానికి వీలిచ్చినట్టే.

ఇంతకంటె పెద్ద లోపం ‘రిపేరు చేయబడలేదు, సమాధానం ఇవ్వబడలేదు’ అన్న వాక్యంలో ఉంది. ‘బడు’ చేర్చగానే కర్త తెర వెనక్కి వెళ్లిపోతాడు. చేయనిదెవరు, ఇవ్వనిదెవరు అన్నదే కదా మీ తగవు! ‘మీరు బాగుచేయించలేదు’ అని నేరుగా రాయండి. అందులో అమర్యాద ఏమీ లేదు.

మరొక చోట ‘నేను రవాణా ఖర్చు భరిస్తానని మేనేజరు చెప్పారు’ అని రాశారు. ఖర్చు మేనేజరు భరిస్తానన్నారా, మీరు భరిస్తారని వారన్నారా? తెలుగులో ఈ ‘నేను’ రెండు వైపులా తిరుగుతుంది. మేనేజరే భరిస్తానని ఉంటే ‘తాను’ అనండి. లేదా వారి మాటలను యథాతథంగా కొటేషన్లలో పెట్టి తేదీ చేర్చండి. ‘వస్తా ఉండారు’ అన్న మాండలిక రూపాన్ని అప్పుడు దిద్దకూడదు, అది వారి నోటి మాట. మీ సొంత వాక్యంలో మాత్రం ‘ఉన్నారు’ అనే రాయండి.

‘జనాన్ని నిలువునా దోచుకుంటున్నారు’ అన్న వాక్యం కొట్టివేయండి. కోపం న్యాయమైనదే కాని, ఆ మాటకు మీ దగ్గర ఆధారం లేదు. ఉన్న ఆధారం మెకానిక్ ఇచ్చిన జాబ్‌షీటు, దాన్నేమో మీరు ఒక్క ముక్కలో దాటేశారు. అసలు పేరా ఇలా ఉంటే బాగుంటుంది:

‘ఏప్రిల్ 12న మీ దుకాణంలో 24,500 రూపాయలకు నేను కొన్న ఫ్రిజ్ మే 5 నుంచి చల్లబరచడం లేదు. మే 9న మీ మెకానిక్ వచ్చి చూసి, కంప్రెసర్ చెడిపోయిందని జాబ్‌షీటులో రాసి ఇచ్చారు. నేటివరకు మీరు దాన్ని బాగుచేయించలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల లోపల అదే మోడల్ కొత్త ఫ్రిజ్ ఇవ్వవలసిందిగా, లేదా పూర్తి సొమ్ము తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. అలా జరగని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.’

‘వెంటనే’, ‘తగిన చర్య’ అన్న మాటలు ఇందులో లేవు. ‘వెంటనే’ ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ చెప్పలేరు, పదిహేను రోజులు దాటితే క్యాలెండరే చెబుతుంది. బిల్లు నంబరు, మోడల్, సీరియల్ నంబర్లు ‘విషయం’ పంక్తి కింద రాయండి. బిల్లు, వారంటీ కార్డు, జాబ్‌షీటుల నకళ్లు మాత్రమే జతపరచి, అసలు కాగితాలు మీ దగ్గర ఉంచుకోండి. పోస్టాఫీసు రసీదు దొరికేలా పంపి, ఒక ప్రతి తయారీ కంపెనీకి కూడా పంపండి.

కొందరు ఇప్పటికీ ‘ఫోరం’ అని రాస్తున్నారు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది ‘కమిషన్’. కొన్నది ఒంగోలులోనైనా, ఫిర్యాదుదారు నివసించే చోట దాఖలు చేసే వీలును ఈ చట్టం కల్పించింది కనుక మీరు నెల్లూరులోని కమిషన్‌కే వెళ్లవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అంతకుముందే ఎవరితోనైనా మాట్లాడి చూడాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.