చెరువు అడుగు చూడు, అమ్మలూ

అమ్మలూ,

ఆకివీడు దగ్గర ఐదెకరాల చేపల చెరువు లీజుకు తీసుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంతో కళ్లు చెమ్మగిల్లాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చేపపిల్లను నమ్మకమైన చోట కొను. మేత సంచులు ఎక్కడ కట్టాలో పనివాళ్లు చూపిస్తారు. నా టెన్షనంతా చెరువు అడుగు గురించే.

చేపల్లో బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి నడిమి నీళ్లలో. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున తిరుగుతాయి. బంగారుతీగకు బురదలో ఉండే ఎర్రపురుగులంటే ప్రాణం. మూతిని గొట్టంలా చాచి బురద పీల్చి, పురుగును ఉంచుకుని మిగతాది ఉమ్మేస్తుంది.

మొదటి ఏడు మా చెరువులో అది బ్రహ్మాండంగా ఎదిగింది. ఆశకొద్దీ రెండో ఏడు మూడింతలు వదిలాను. "అడుగున ఎంత తిండి ఉందో చూశావురా?" అని మీ తాతయ్య అడిగాడు. వినలేదు. రెండు నెలలకు నీళ్లు టీ రంగుకు తిరిగాయి. వానకు గట్టు మట్టి దిగిందనుకున్నాను. నిజానికి పురుగులు అయిపోయి, చేపలు ఆకలితో ఇంకా లోతుకు తవ్వుతున్నాయి. గట్టు మొదలు కూడా తొలిచేశాయి. బురద నీళ్లలోకి ఎండ దిగదు. ఎండ దిగకపోతే నీళ్లకు పచ్చరంగు, ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టన్ అనే సన్నని నాచు ఎదగదు. ఇక ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుంది? పైగా మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లారుజామున వెళ్లేసరికి చెరువంతా తెరిచిన నోళ్లే. ఇంజన్ పెట్టి నీళ్లు చిమ్మేలోగా సగం పోయాయి. మీ అత్తయ్య గట్టు మీదే కూలబడిపోయింది. ఆ ఏడు దాని గాజులు తాకట్టుకు వెళ్లాయి.

పురుగులంటే చేపల తిండి ఒక్కటే అనుకున్నాను. అడుక్కి చేరిన మేతను, చచ్చిన ప్లాంక్టన్‌ను అవే తింటాయి. వాటి సన్నని బొరియల్లోంచే బురదలోకి మంచినీళ్లు దిగుతాయి. అవి పోయాక మా బురద నల్లబడి, కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది.

పదిహేను రోజులకోసారి నాలుగైదు చోట్ల గుప్పెడు బురద తీసి జల్లెడలో కడుగు. పురుగులు తెగిన ఎర్రదారం ముక్కల్లా మెలికలు తిరుగుతుంటాయి. ఆ ఎరుపు మన నెత్తుట్లో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే. అందుకే గాలాడని బురదలోనూ బతుకుతాయి. ఒకసారి తగ్గితే కంగారు పడకు. రెక్కలొచ్చి దోమల్లా ఎగిరిపోయి ఉంటాయి, అవి కుట్టవు. వరసగా మూడుసార్లు తగ్గి, నీళ్లు కూడా బురదెక్కుతుంటే మాత్రం బంగారుతీగను కొంత పట్టించి అమ్మెయ్. ధర రాలేదని ఆగావో, నేనే వచ్చి వల వేయిస్తాను.

ముసురు పట్టిన రాత్రి ఒక్కదానివే గట్టు మీదకు వెళ్లకు, బంగారుతల్లీ. ఎన్ని గంటలైనా సరే, నాకు ఫోన్ చెయ్యి. ఆ వేళకు నేను ఎలాగూ మేలుకునే ఉంటాను.

ఆదివారం వస్తున్నాను. సన్నకన్నాల జల్లెడ ఒకటి కొని ఉంచు. మొదటి గుప్పెడు నాతోనే తియ్యి.

మీ మావయ్య