మాత్ర మానేసింది ఎవరి మీద కోపంతో?

నాకు 47 ఏళ్లు. కాజీపేటలో ఇరవై ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. ఐదు నెలల కిందట హైదరాబాదులో గుండె ఆపరేషన్ జరిగింది. మైట్రల్ వాల్వు తీసేసి మెకానికల్ వాల్వు వేశారు. ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీలో పోయింది. అంతా బాగుంది, దుకాణంలో కూర్చోవచ్చు అని డాక్టర్లు అంటున్నారు. ప్రస్తుతానికి దుకాణం మా ఇంటావిడ చూసుకుంటోంది. ఎనుమాముల నుంచి ఎండుమిర్చి వేసే వ్యాపారి కూడా ఇప్పుడు ఆమెకే ఫోన్ చేస్తున్నాడు. ఈమధ్య నా చిన్ననాటి స్నేహితుడికి ఉద్దెర ఇవ్వనని చెప్పేసి, పాత బాకీ పద్దెనిమిది వేలు కూడా వసూలు చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ కోపంతో రెండు రోజులు మాత్రలు వేసుకోలేదు. రాత్రిళ్లు గుండెలో టిక్కు టిక్కుమని శబ్దం. ఆమెకు ఇబ్బందని వేరే గదిలో పడుకుంటున్నాను. ఆస్పత్రిలో పక్క మంచం మీద ఉన్న జమ్మికుంట ఆయన ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, ఎత్తబుద్ధి కాదు. మా అమ్మాయికి పందొమ్మిది, డిగ్రీ రెండో సంవత్సరం. కరీంనగర్ నుంచి మంచి సంబంధం వచ్చింది. నా ప్రాణానికి భరోసా లేదు కనుక మాఘమాసంలో పెళ్లి చేసేద్దామనుకుంటున్నాను. అమ్మాయి ఏడుస్తోంది. ఎలా ఒప్పించాలి?

– ఒక సోదరుడు, కాజీపేట

ఒప్పించకండి. మీరడిగిన దానికి నా జవాబు అంతే. పిల్ల చదువు మధ్యలో ఉంది, ఏడుస్తోంది, ఇంకా ఒప్పించడమేమిటి? చట్టం ప్రకారం వయసు వచ్చింది కదా అనకండి. తండ్రికి భయం వేసిందని కూతురిని పెళ్లిపీటల మీద కూర్చోబెట్టమని ఏ చట్టమూ చెప్పలేదు.

పైగా ఆ భయానికి ఆధారం కూడా లేదు. ఇలా వాల్వులు మార్చడం విదేశాల్లో 1960 నుంచి జరుగుతోంది. మన తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ సొంతంగా తయారుచేసిన వాల్వును 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. మీ వయసువారికి మెకానికల్ వాల్వు వేసేదే అది దశాబ్దాల తరబడి అరగకుండా పనిచేస్తుందని. అంతకాలం పనిచేసే వస్తువును ఒంట్లో పెట్టుకుని మాఘమాసం దాకా ఉంటానో లేదో అంటున్నారు మీరు. దానికి ఉన్న పెద్ద షరతు ఒకటే, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర రోజూ తప్పకుండా వేసుకోవడం. కోపం వచ్చిందని ఆ షరతునే కాలదన్నారు.

నాలుగు పేజీల మీ ఉత్తరాన్ని పైన కుదించి వేశాం. పూర్తి పాఠంలో ఆ రెండు రోజుల సంగతి మూడో పేజీలో, కరెంటు బిల్లు గురించి రాసిన వాక్యం పక్కన ఉంది. అంత తేలిగ్గా రాసేశారు. నాకైతే అక్కడి నుంచి ముందుకు చదవడం కష్టమైంది. మైట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వు ఉన్నవారికి ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె, సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. మీకు ఎంత ఉండాలో మీ డాక్టరు చెప్పే ఉంటారు. మీరు వాడే రకం మాత్ర మానేస్తే దాని ప్రభావం ఒకటి రెండు రోజుల్లోనే జారిపోతుంది. వాల్వు రెక్కల మీద గడ్డ పేరుకుంటే అవి సరిగ్గా తెరుచుకోవు. ఆ గడ్డ విడిపోయి మెదడుకు చేరితే పక్షవాతం. ఇవాళే ఐఎన్ఆర్ చేయించుకుని, మానేసిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. వదిలేసినవాటికి బదులని ఒకేసారి రెండు మింగకండి.

అలిగి అన్నం మానేసే మగవాళ్లు మన ఇళ్లకు కొత్త కాదు. కంచం ముందు నుంచి లేచిపోతే వెనకాలే ఎవరో ఒకరు వచ్చి బతిమాలతారని మనవాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పూట అన్నం మానితే ఆకలేస్తుంది, అంతే. మాత్ర మానడాన్ని కూడా మీరు ఆ లెక్కలోనే వేసుకున్నారు.

మాత్రల గురించే ఇంకో ఫిర్యాదు రాశారు. మీ ఇంటావిడ ఖాళీ యాలకుల డబ్బా ఒకటి తీసుకుని, ఏ రోజు మాత్రలు ఆ రోజుకు కాగితంలో పొట్లాలు కట్టి, పొట్లం మీద వారం పేరు రాసి పెడుతోందని, చిన్నపిల్లాడికి చేసినట్టు ఉందని. పగలంతా పావుకిలో పప్పు, వంద గ్రాముల జీలకర్ర పొట్లాలు కట్టిన చేత్తో రాత్రి కూర్చుని మీ మాత్రలు కడుతోంది ఆవిడ. ఆ శనివారం, ఆదివారం పొట్లాలు విప్పకుండా డబ్బాలోనే ఉంటే ఆవిడ చూడలేదనుకుంటున్నారా? చూసే ఉంటుంది. చూసి, ఏం అంటే ఇంకేం మానేస్తారోనని నోరు మూసుకుని ఉంటుంది. స్నేహితుడి బాకీ గురించి మిమ్మల్ని ఎందుకు అడగలేదని కదా మీ బాధ. ఇలా అలిగే మనిషిని ఏ ధైర్యంతో అడుగుతుంది?

నిజానికి అమ్మాయి పెళ్లి మీద మీరు ఆరు వాక్యాలే రాశారు. గల్లాపెట్టె మీద రెండున్నర పేజీలు రాశారు. మీకు ఏళ్ల తరబడి మొహమాటం అడ్డొచ్చిన బాకీని ఆవిడ కొద్ది నెలల్లో వసూలు చేసింది. వ్యాపారి ఆవిడకు ఫోన్ చేస్తున్నాడంటే, మాట మీద నిలబడే మనిషని నమ్మకం కుదిరిందన్నమాట. మీరు మంచం మీద ఉన్నప్పుడు దుకాణం మూతపడి ఉంటే మీ మనసుకు కష్టంగా ఉండేది. మూతపడకపోవడం ఇంకా ఎక్కువ కష్టంగా ఉంది. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు. కానీ అమ్మాయి పెళ్లి తొందర కూడా ఇక్కడి నుంచే పుట్టిందని నా అనుమానం. దుకాణంలో పెద్దరికం పోయిందనిపించి, ఇంట్లో ఇంకా మీ మాటే చెల్లుతుందని రుజువు చేసుకోవడానికి దొరికింది ఆ పిల్ల ఒక్కతే.

ఇంకొకరికి పెట్టడం గౌరవం, ఒకరి చేత చేయించుకోవడం నామోషీ అని మన మగవాళ్లకు ఉగ్గుపాలతో పోస్తారు. అప్పు చేసైనా చుట్టాలకు విందు పెడతారు. భార్య రెక్కల కష్టం మీద ఐదు నెలలు గడిచాయని ఒప్పుకోవడానికి మాత్రం నోరు పెగలదు. చేయించుకున్న సేవను సంతోషంగా ఒప్పుకోవడం కూడా ఇంటి యజమాని ధర్మాల్లో ఒకటని నేను నమ్ముతాను.

దుకాణం చికాకుల వల్లే వాల్వు చెడిందని రాశారు. పన్నెండో ఏట కీళ్లు వాచి, జ్వరంతో నెల రోజులు బడి మానేశానని రాసింది కూడా మీరే. గొంతు ఇన్ఫెక్షన్ వెంట వచ్చే అలాంటి రుమాటిక్ జ్వరం వాల్వు మీద మచ్చ వేసి, ఏళ్లు గడిచాక బయటపడుతుంది. మీ డాక్టరును అడగండి, ఆయనా ఇదే చెబుతారనుకుంటాను. దుకాణం మీద నింద మానేయండి. మీ వాక్యం చివర చుక్కలు పెట్టి వదిలేశారే, ఆ చుక్కల వెనక ఇంటావిడ ఉంటే ఆవిడ మీద కూడా.

ఆవిడ వైపు పొరపాట్లు లేవని కాదు. పాల ప్యాకెట్లు కూడా ఎత్తనివ్వడం లేదంటున్నారు. రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా గట్టిపడటానికి మూడు నెలల దాకా పడుతుంది. ఐదు నెలలైనా మిమ్మల్ని గాజుబొమ్మలా చూస్తుంటే విసుగు రావడం సహజం. ఆకుకూరలు పూర్తిగా మాన్పించిందని కూడా రాశారు. తోటకూర, పాలకూర లాంటివాటిలో విటమిన్ కె ఉంటుంది, అది మాత్ర పనికి అడ్డం వస్తుంది. అందుకని మానేయనక్కర్లేదు. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే సరిపోతుంది, దానికి తగ్గట్టు డాక్టరు మాత్ర సర్దుతారు. ఒక వారం కట్టలకు కట్టలు తిని, ఇంకో వారం ముట్టకపోతేనే చిక్కు. ఈసారి డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి, ఆవిడ సందేహాలు ఆవిడనే అడగనివ్వండి. మీరు గుమ్మం బయట బెంచీ మీద కూర్చుని, లోపలేం చెప్పారో ఆవిడ మోసుకొచ్చి చెబితే విసుక్కునే పద్ధతి మానండి.

డాక్టరు కూర్చోవచ్చన్నారు కాబట్టి దుకాణానికి వెళ్లండి. ఉదయం రెండు గంటలతో మొదలుపెట్టండి. అయితే ఆవిడను లేపి ఆ కుర్చీలో మీరు కూర్చోవడానికి వెళ్లేటట్లయితే వద్దు, ఇంట్లోనే ఉండండి. ఉద్దెర ఖాతా ఆవిడది, అది ఇక ఆవిడ దగ్గరే ఉండాలి. మీకు ఎటూ చేతకాలేదు. సరుకు నాణ్యత చూడటం, ధర బేరమాడటం మీకు బాగా తెలిసిన పనులు, అవి మీరు చూసుకోండి. స్నేహితుడు మళ్లీ వచ్చి మొర పెట్టుకుంటే, "దుకాణం లెక్క మా ఇంట్లో ఆమె చూస్తుంది" అని ఒక్క మాట అనండి. ఆవిడ వినేలా అంటే మరీ మంచిది.

వేరే గది సంగతి. శబ్దం ఆవిడకు ఇబ్బందని మీరే నిర్ణయించారు, ఆవిడ అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. వాల్వు రెక్కలు మూసుకున్నప్పుడల్లా వచ్చే చప్పుడు అది, పనిచేస్తోందనడానికి గుర్తు. భయపడాల్సింది అది ఎప్పుడైనా మందగించి, మూగబోయినట్టు అనిపిస్తే. దానితో పాటు ఆయాసం వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. గోడ అవతల పడుకున్న మనిషికి ఇవేవీ తెలియవు. మీ గదికి మీరు తిరిగి వెళ్లండి. రెండంతస్తుల మెట్లు ఆయాసపడకుండా ఎక్కగలిగితే దాంపత్యానికి అడ్డు లేదని వైద్యులు సాధారణంగా చెబుతారు. మీ విషయంలో ఎలాగో మొహమాటపడకుండా అడిగి తెలుసుకోండి. నలభై ఏడేళ్లకే ఆ అధ్యాయం ముగిసిందని ఎవరు చెప్పారు మీకు?

జమ్మికుంట ఆయన ఫోన్ ఎత్తకపోవడం నాకు అర్థం కాలేదు. "ఇద్దరు రోగులం ఏం మాట్లాడుకుంటాం" అని రాశారు. ఇంకెవరితోనూ మాట్లాడలేనివే మాట్లాడుకోండి. తుమ్ము వస్తుంటే దిండు గుండెకు హత్తుకుని దేవుణ్ణి తలుచుకోవడం ఎలా ఉంటుందో మీ ఇంట్లో ఎవరికి తెలుసు? గడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడితే రక్తం ఆగేదాకా గుండె జారిపోవడం ఆయనకు చెబితే నవ్వుతాడు, ఇంటావిడకు చెబితే ఏడుస్తుంది. పన్ను పీకించుకునే ముందు వాల్వు సంగతి చెప్పి యాంటీబయాటిక్ వేసుకోవాలని, ఒళ్లు నొప్పులకు మందుల షాపులో తోచిన బిళ్ల కొనకూడదని డాక్టరు చీటీలో రాసి ఉంటుంది. కానీ ఆ దారిలో నడిచినవాడు నోటితో చెబితేనే మన బుర్రకెక్కుతుంది. ఈ ఆదివారం ఆయన కన్నా ముందు మీరే చేయండి. ఇన్ని వారాలు ఎత్తనివాడికి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నాడంటే, ఆయనకూ మీ అవసరం ఉండే ఉంటుంది.

అమ్మాయి మీ ఐఎన్ఆర్ అంకెలు నోటుపుస్తకంలో రాస్తుంటే చూసి కారణం లేకుండా ఏడుపొచ్చిందని రాశారు. పెద్ద గుండె ఆపరేషన్ తర్వాత ఇలా దిగులు కమ్మడం, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటుంది. నెలలు గడిచినా తగ్గకపోతే అదీ వైద్యం చేయించుకోవాల్సిందే. వరంగల్ ఎం.జి.ఎం.లో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడిదాకా వెళ్లబుద్ధి కాకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మందు రాస్తే మాత్రం మీరు రక్తం పలచబడే మాత్ర వాడుతున్నట్టు ముందే చెప్పాలి. సాయంత్రాలు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడవండి. ఒక్కరే కాదు, దుకాణం అమ్మాయికి అప్పగించి అరగంట ఇద్దరూ వెళ్లండి.

మీ ఇంటావిడ మేడారంలో మీ ఎత్తు బంగారం మొక్కుకుందని, అది దండగ ఖర్చని విసుక్కున్నారు కదా. అక్కడ బంగారమంటే బెల్లమే. బెల్లం మీ దుకాణంలోదే, ఖర్చు గురించి బెంగ వద్దు. కాకపోతే ఆపరేషన్ తర్వాత తొమ్మిది కిలోలు తగ్గానన్నారు. ఆ తొమ్మిదీ మళ్లీ ఒంటికి పట్టాకే తూగండి. సమ్మక్క తల్లికి తక్కువ తూకం పనికిరాదు.

కరీంనగర్ వాళ్లకు ఈ వారంలోనే ఫోన్ చేసి, అమ్మాయి చదువు పూర్తయ్యేదాకా పెళ్లి ఊసు లేదని చెప్పేయండి. వాళ్లు నొచ్చుకుంటారు, రెండు మాటలు అంటారు. పడండి. ఆ ఫోన్ మాత్రం ఇంటావిడ చేత చేయించకండి.