ముందు చదవడం సరిగ్గా రానీ, ఫ్యాన్ తిప్పడం తర్వాత

తమ్ముడూ,

మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం చూపించే డ్రైవర్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్) రాస్తానన్నావు, చాలా సంతోషం. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా, కోడ్ దగ్గర మాత్రం కాదు. నీ మెషిన్‌లో ఏ చిప్ ఏం కొలుస్తోందో ముందు తెలుసుకో. ఇంకో మాట ఇప్పుడే మనసులో పెట్టుకో: అంకె చూపించలేకపోతే పెద్ద నష్టం లేదు, తప్పు అంకె చూపిస్తేనే నష్టం. 95 డిగ్రీల్లో ఉడుకుతున్న ప్రాసెసర్‌ని నీ డ్రైవర్ 60 అని చెబితే, అది నమ్మి ఎవరో ఒకరు రాత్రంతా బిల్డ్ నడవనిచ్చి పడుకుంటారు.

ప్రాసెసర్ లోపలి సెన్సార్‌తో మొదలుపెట్టు, అది తేలిక. ఇంటెల్‌లో హెక్స్ (పదహారు ఆధారంగా రాసే అంకె) 19సి అనే ఎంఎస్ఆర్, అంటే ప్రాసెసర్ లోపలి ప్రత్యేక రిజిస్టర్ (విలువ దాచే చిన్న గది) చదవాలి, కానీ అందులో ఉండేది ఉష్ణోగ్రత కాదు, గరిష్ఠ హద్దుకి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో అది. హద్దులోంచి దాన్ని తీసేస్తేనే అసలు ఉష్ణోగ్రత. ఆ హద్దుని 100 అని కోడ్‌లో రాసేయడం చాలామందికి అలవాటు, అలా చెయ్యకు, కొత్త ప్రాసెసర్లలో 1ఎ2 అనే ఇంకో ఎంఎస్ఆర్‌లో అది దొరుకుతుంది. 19సిలో 31వ బిట్ సున్నా అయితే ఆ రీడింగ్ చెల్లదు, వదిలెయ్యి. ఏఎండీ తొలి రైజెన్లలో ఇంకో మెలిక ఉంది, 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాన్‌ని నడిపించడం కోసం కావాలనే 20 డిగ్రీలు ఎక్కువ చెప్తాయి, అది తీసెయ్యాలి.

ఫ్యాన్లు అడిగావు కాబట్టి సూపర్ ఐఓ చిప్ (బోర్డు మీద ఫ్యాన్లు, ఉష్ణోగ్రతలు, వోల్టేజీలు చూసే చిప్) దగ్గరికి రాక తప్పదు. డెస్క్‌టాప్ బోర్డుల మీద ఎక్కువగా నువోటన్ లేదా ఐటీఈ కంపెనీ చిప్ ఉంటుంది. ఇక్కడ చెప్పే పోర్టు, రిజిస్టర్ అంకెలన్నీ హెక్స్‌లోనే. 2ఇ, 2ఎఫ్ పోర్టుల దగ్గర గానీ 4ఇ, 4ఎఫ్ దగ్గర గానీ పలుకుతుంది. నువోటన్‌కి 87 రెండుసార్లు రాస్తే తలుపు తెరుచుకుంటుంది, ఐటీఈకి వరుస వేరే. లోపలికెళ్లి 20, 21 రిజిస్టర్లలో ఐడీ చదువు. ఐడీ నీకు తెలిసినది కాకపోతే కాన్ఫిగరేషన్ మోడ్ మూసేసి మారు మాట్లాడకుండా బయటికొచ్చెయ్యి, దగ్గరి చిప్‌లా ఉంది కదా అని ఊహించి ముందుకెళ్లొద్దు. ఐ2సీ బస్సు (చిన్న చిప్‌లని కలిపే రెండు తీగల దారి) మీద చిప్‌లు వెతికేటప్పుడు ఇంకా జాగ్రత్త, వెతకడమే కదా ఏమవుతుంది అనుకుంటారు, కానీ కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో ఆ వెతుకులాటకే ఈఈప్రామ్ (సెట్టింగులు దాచే మెమరీ చిప్) చెడిపోయి మెషిన్ బూట్ కాకుండా పోయింది.

అసలు కష్టం ఇక్కడుంది, దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. ఆ చిప్‌తో నువ్వొక్కడివే మాట్లాడట్లేదు, బోర్డు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) కూడా ఏసీపీఐ ద్వారా, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కీ ఫర్మ్‌వేర్‌కీ మధ్య ఉండే ఏర్పాటు ద్వారా, మాట్లాడుతూ ఉండొచ్చు. ఏ రిజిస్టర్ కావాలో ఒక పోర్టులో రాసి, విలువని ఇంకో పోర్టులో చదువుతావు, ఈ రెండింటి మధ్యలో ఫర్మ్‌వేర్ దూరి రిజిస్టర్‌నో బ్యాంక్‌నో (రిజిస్టర్ల గుంపు) మార్చేసిందనుకో, నీకొచ్చే అంకె ఇంకెవరిదో. చదవడం అయితే తప్పు అంకెతో పోతుంది, రాయడం అయితే ఎక్కడ పడుతుందో చెప్పలేం. నీ లాక్ (ఒకేసారి ఇద్దరు వాడకుండా కోడ్‌లో వేసే తాళం) నీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లోపలి వాళ్లనే ఆపుతుంది, ఫర్మ్‌వేర్‌ని కాదు. అందుకే ఏసీపీఐ తనదని చెప్పుకున్న పోర్టుల జోలికి వెళ్లే డ్రైవర్‌ని లినక్స్ మామూలుగా లోడ్ కానివ్వదు. ఆ కాపలాని సడలించే ఆప్షన్ ఉంది, జనం వాడతారు కూడా, కానీ అది మెషిన్ యజమాని తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. నీ డ్రైవర్‌లో డిఫాల్ట్‌గా ఉండకూడదు.

యూనిట్లు చూసుకో. లినక్స్ హెచ్‌డబ్ల్యూమాన్‌లో (సెన్సార్ అంకెలు చూపించే కెర్నల్ భాగం) డిగ్రీలో వెయ్యో వంతు, అంటే 45000 అంటే 45 డిగ్రీలు. ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ల్లో మైక్రోకెల్విన్. ఏసీపీఐ ఇచ్చేది కెల్విన్‌లో పదో వంతు. కెర్నల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ అంకెలు) వాడం కాబట్టి అన్నీ పూర్ణాంకాలే, గుర్తు బిట్ (ప్లస్సో మైనస్సో చెప్పే బిట్) మర్చిపోతే మైనస్ 1 కాస్తా 255 అయి కూర్చుంటుంది.

ఫ్యాన్ విషయానికొస్తే, మామూలు ఫ్యాన్ ఒక చుట్టుకి రెండు పల్సులు ఇస్తుంది. పాత తరహా చిప్‌లు వేగాన్ని నేరుగా చెప్పవు, పల్సుల మధ్య తమ గడియారం టిక్కులు లెక్కపెట్టి ఆ కౌంట్ ఇస్తాయి. 13,50,000ని కౌంట్, డివైజర్ (చిప్‌లో పెట్టి ఉండే భాజకం)ల లబ్ధంతో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. కౌంట్ 255 అంటే ఫ్యాన్ ఆగింది, లేదా కొలవలేనంత నెమ్మదిగా తిరుగుతోంది. కౌంట్ సున్నా వస్తే భాగించకు, కెర్నల్ పడిపోతుంది.

ఏ సెన్సారూ తగిలించని పిన్నులు 127 అనో మైనస్ 128 అనో చెప్తుంటాయి, వాటిని చెల్లనివిగా గుర్తించు. వోల్టేజీల లెక్క బోర్డు మీది రెసిస్టర్లని బట్టి మారుతుంది, దాన్ని యూజర్ కాన్ఫిగ్‌కి వదిలెయ్యి. ఎవరైనా అంకె అడిగిన ప్రతిసారీ చిప్ దగ్గరికి పరిగెత్తకు, సెకనుకోసారి చదివి దాచుకుంటే చాలు.

సరిచూసుకోవడానికి బయోస్ (మెషిన్ ఆన్ చేయగానే నడిచే ఫర్మ్‌వేర్) స్క్రీన్ మీద అంకెతో పోల్చి కంగారుపడకు, అక్కడ ప్రాసెసర్ విశ్రాంతి స్థితుల్లోకి సరిగ్గా వెళ్లదు కాబట్టి వేడి ఎక్కువే ఉంటుంది. లోడ్ పెట్టు, ఏ అంకె వెంటనే పెరుగుతుందో చూడు. క్యాబినెట్ ఫ్యాన్ కనెక్టర్ తీసి ఏది సున్నా అయిందో చూడు, అప్పుడే లేబుల్ పెట్టు.

ఫ్యాన్ వేగం మార్చడం మొదటి ప్యాచ్‌లో (నువ్వు పంపే కోడ్ మార్పు) వద్దు. మాన్యువల్ మోడ్‌లో తక్కువ వేగం పెట్టాక నీ ప్రోగ్రామ్ చచ్చిపోతే ఫ్యాన్ అక్కడే ఉండిపోతుంది, వేడెక్కుతున్నా పట్టించుకునేవాళ్లు ఉండరు. తర్వాత చేర్చినప్పుడు బయోస్ పెట్టిన విలువలు ముందే దాచి, డ్రైవర్ దిగిపోయేటప్పుడు తిరిగి పెట్టెయ్యి, స్లీప్ నుంచి లేచినప్పుడు కూడా రిజిస్టర్లు ఎలా ఉన్నాయో చూడు.

లినక్స్ డ్రైవర్లు చదువు, చాలా నేర్చుకుంటావు, కానీ అవి జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉన్నాయి, దాని షరతులు బీఎస్‌డీ లైసెన్స్ కంటే కఠినం. మీది బీఎస్‌డీ లైసెన్స్ అయితే కోడ్ ఎత్తుకురావొద్దు, డేటాషీట్ (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూసి నీ మాటల్లో రాయి. ప్యాచ్‌తో పాటు బోర్డు పేరు, చిప్ ఐడీ, రిజిస్టర్ల డంప్ (అన్ని విలువల జాబితా) జతచెయ్యి, ఆ బోర్డు లేనివాళ్లు కూడా చూసి చెప్పగలుగుతారు. పంపేముందు నాకు ఓసారి చూపించు, మరీ ముఖ్యంగా బ్యాంక్ మార్చే భాగం.