అమెరికాలో ఫెడరల్ ఏజెంట్ల మీద జనానికి అంత కోపం ఎందుకు? అక్కడున్న మనవాళ్ళు ఏం తెలుసుకోవాలి?

2026 జనవరిలో మినియాపొలిస్‌లో ఫెడరల్ ఏజెంట్ల కాల్పుల్లో ఇద్దరు అమెరికన్ పౌరులు చనిపోయాకే ఈ ప్రశ్న ఎక్కువగా వినిపిస్తోంది. కానీ కోపం పాతది. దాని మూలం ఒక్కటే. ఇమిగ్రేషన్ వ్యవహారాన్ని అక్కడి చట్టం సివిల్ విషయంగా లెక్కేస్తుంది. అందుకని క్రిమినల్ కేసులో హంతకుడికి కూడా దక్కే రక్షణలు వీసా తప్పిన విద్యార్థికి దక్కవు. ప్రభుత్వ ఖర్చుతో లాయరు ఉండడు, జ్యూరీ ఉండదు. ఇమిగ్రేషన్ జడ్జి కూడా న్యాయశాఖ కింద పనిచేసే ఉద్యోగే. చట్టవిరుద్ధంగా సంపాదించిన సాక్ష్యాన్ని సైతం డిపోర్టేషన్ విచారణలో మామూలుగా వాడుకోవచ్చని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. తలుపు దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం తుపాకులతో, బేడీలతో, మొహానికి ముసుగుతో వస్తారు. అధికారం పోలీసుది, జవాబుదారీ గుమాస్తాది. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

మన తెలుగువాళ్ళు ఈ సంగతిని ఫార్మింగ్టన్ దగ్గర నేర్చుకోవాల్సింది, నేర్చుకోలేదు. మిషిగన్‌లో డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఆఫీసు భవనంలో 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' ఉండేది. దాన్ని నడిపింది హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఇమిగ్రేషన్ చట్టాలు అమలు చేసే ఐస్ సంస్థే. 2017 ఫిబ్రవరి నుంచి 2019 జనవరి దాకా మారువేషంలో ఉన్న ఏజెంట్లే యజమానులుగా, సిబ్బందిగా నటించారు. దానికో వెబ్‌సైటు, ఫేస్‌బుక్ పేజీ, రాజముద్రలాంటి లోగో. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవచ్చని ప్రభుత్వం ప్రకటించే జాబితాలో దాని పేరుంది. గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలోనూ, ప్రభుత్వం అడిగినందుకు, దాన్ని చేర్చారు. లేనివి రెండే: పాఠాలు చెప్పేవాళ్ళు, తరగతులు. పీజీకి ఏడాదికి సుమారు 11,000 డాలర్ల ఫీజు మాత్రం పక్కాగా వసూలు చేశారు.

2019 జనవరి ఆఖర్లో వల లాగారు. మొదటి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. భారత ప్రభుత్వం ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి డిమార్ష్ (అధికారిక నిరసన పత్రం) ఇచ్చింది. ఆ ఏడాది చివరికి అరెస్టులు దాదాపు 250కి చేరాయి. ఎక్కువమంది తమంతట తాము వెళ్ళిపోతామని ఒప్పుకుని విమానం ఎక్కేశారు. విద్యార్థుల్ని చేర్పించినందుకు కమీషన్ తిన్న ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. ఆ ఎనిమిది మందీ తెలుగువాళ్ళేనని అప్పట్లో మన పత్రికలు రాశాయి.

'క్లాసులు లేవని తెలిసే చేరారు కదా, అనుభవించనీ' అని మనలోనే చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. తెలిసి చేరినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి అని విద్యార్థికి చెప్పేది ప్రభుత్వమే. ఆ జాబితాలో దొంగ పేరు పెట్టిందీ ప్రభుత్వమే. క్రిమినల్ కేసైతే 'నన్ను ప్రభుత్వమే తప్పులోకి దింపింది' అని జ్యూరీ ముందు వాదించుకునే అవకాశం ఉంటుంది. వీళ్ళ మీద పెట్టినవి సివిల్ ఆరోపణలు కాబట్టి ఆ వాదనకు వేదికే లేకుండా పోయింది. ఫీజు వెనక్కిమ్మని ఒక విద్యార్థి దావా వేస్తే, ఆ కేసు వినే అధికారమే కోర్టుకు లేదని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు సరేనంది. 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ తీర్పును కొట్టేసి కేసు నడవొచ్చని చెప్పింది. అరెస్టులు జరిగి అప్పటికి ఐదేళ్ళు దాటింది.

పైగా ఇది మొదటిసారి కాదు. న్యూజెర్సీలో ఇలాగే దొంగ విశ్వవిద్యాలయం పెట్టి 2016లో 21 మంది బ్రోకర్లను పట్టుకున్నారు. 2011లో కాలిఫోర్నియాలో మూతపడ్డ ట్రై వ్యాలీ యూనివర్సిటీ మాత్రం ప్రైవేటు మోసం, దాని యజమానురాలికి 16 ఏళ్ళకు పైగా జైలు పడింది. మన ఆంధ్రా పిల్లల కాళ్ళకు రేడియో ట్యాగులు తగిలించింది ఆ కేసులోనే. ఇన్ని జరిగినా 'మొదటి రోజునుంచే సీపీటీ' (చదువుతూనే ఉద్యోగం చేసుకునే అనుమతి) అని అమ్మే కన్సల్టెన్సీ బోర్డులు అమీర్‌పేటలో తగ్గలేదు. అమ్మేవాడికి కమీషన్, కొన్నవాడికి డిటెన్షన్. మన సంఘాలు సంబరాలకు పెట్టే ఖర్చులో పదో వంతు ఒక లాయర్ నిధికి పెట్టినా ఎంతమందికో ఆసరా అయ్యేది.

సరే, ఏం తెలుసుకోవాలో చెబుతాను. అన్నిటికంటే ముందు తలుపు సంగతి.

తలుపు తట్టినవాళ్ళు 'వారంట్ ఉంది' అంటే అది ఏ వారంటో చూడాలి. కోర్టు వారంట్ పైన 'యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్' లాంటి కోర్టు పేరుంటుంది. జడ్జి లేదా మేజిస్ట్రేట్ సంతకం, మీ చిరునామా, గడువు తేదీ ఉంటాయి. అది ఉంటే అడ్డుకోకూడదు. ఐస్ వాళ్ళు మామూలుగా తెచ్చేవి ఫారం ఐ-200 లేదా ఐ-205. వాటి మీద హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ పేరుంటుంది, సంతకం ఒక ఇమిగ్రేషన్ అధికారిది. ఐ-200 పట్టుకుని మీ అనుమతి లేకుండా ఇంట్లోకి రాకూడదు. ఐ-205 సంగతి కొంచెం చిక్కు. తుది డిపోర్టేషన్ ఉత్తర్వు ఉన్నవాళ్ళ ఇంట్లోకి దానితోనే బలవంతంగా వెళ్ళొచ్చని ఐస్ 2025 మేలో ఒక అంతర్గత మెమో రాసుకుంది. 2026 జనవరిలో అది బయటపడింది. అన్యాయమైన సోదాలను నిషేధించే రాజ్యాంగం నాలుగో సవరణకు అది పూర్తిగా విరుద్ధమని నా గట్టి అభిప్రాయం.

కాగితాన్ని తలుపు కింద నుంచి తోయమనండి, లేదా కిటికీ అద్దానికి ఆనించమనండి. తలుపు తీసి చదవకండి. తలుపు తెరిచినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు, కానీ సందు దొరికాక జరిగేది వేరు. వాళ్ళ వెస్టు మీద 'పోలీస్' అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది చూసి ఊరి పోలీసులనుకుని తీసేసేవాళ్ళే ఎక్కువ.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఒక అపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు ఉంటారు. అందులో ఒక్కడు 'కమ్ ఇన్' అన్నా హాలు, వంటగది తెరిచినట్టే. అదే సమయంలో అక్కడే ఉన్న ఇంకో రూమ్మేట్ 'ఐ డు నాట్ కన్సెంట్' అని పైకి చెబితే అతని మాట చెల్లుతుందని 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. గదిలో కూర్చుని మనసులో అనుకుంటే చెల్లదు, నోటితో చెప్పాలి. కాబట్టి ఎవరు తలుపు దగ్గరికి వెళ్ళాలి, ఏం చెప్పాలి అన్నది రూమ్మేట్లందరూ ముందే అనుకోవాలి. లీజింగ్ ఆఫీసు వాళ్ళకు మీ ఇంటి సోదాకు అనుమతిచ్చే హక్కు లేదు, ఆ సంగతి 1961లోనే తేలింది.

వాట్సాప్‌లో తిరిగే 'ఏ కాగితమూ చూపించక్కర్లేదు' అన్న సలహా అమెరికన్ పౌరుల కోసం రాసింది. దాన్ని మనకు ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. 18 ఏళ్ళు నిండిన విదేశీయులు రిజిస్ట్రేషన్ ఆధారాన్ని దగ్గర ఉంచుకోవాలని చట్టం. లేకపోతే జరిమానా, 30 రోజుల దాకా జైలు. ఐ-94 (దేశంలోకి ఎప్పుడు వచ్చారో, ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు), ఈఏడీ (పని అనుమతి) కార్డు, గ్రీన్ కార్డు ఇవన్నీ ఆ ఆధారం కిందికే వస్తాయి. ఐ-94 దగ్గర చాలామంది పొరబడతారు. దేశంలో ఉండగానే ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారినా, హెచ్-1బి పొడిగించుకున్నా కొత్త ఐ-94 ఆ అనుమతి పత్రం ఐ-797ఏ అడుగు భాగంలోనే వస్తుంది. వెబ్‌సైటులో దొరికేది పాతదే. ఆ పాతదాన్ని చూపిస్తే గడువు దాటినట్టు కనబడుతుంది.

మాట్లాడకుండా ఉండొచ్చు, అబద్ధం మాత్రం ఆడకూడదు. ఫెడరల్ అధికారికి కీలకమైన విషయంలో తెలిసి అబద్ధం చెబితే అదే ఐదేళ్ళ దాకా శిక్ష పడే నేరం. 'సిటిజన్' అని అబద్ధం చెప్పడం అన్నిటికంటే ప్రమాదం, గ్రీన్ కార్డుకు దాదాపు శాశ్వతంగా అడ్డుపడుతుంది. నోటితోనే చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఐ-9 ఫారంలో తప్పు గడి టిక్కు పెట్టినా, డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో ఓటరు నమోదు గడి చూడకుండా టిక్కు పెట్టినా అదే ముప్పు.

విమానాశ్రయంలో లెక్క వేరు. అక్కడ వారంట్ లేకుండానే ఫోను తెరిపిస్తారు. పౌరుడు పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఫోను ఉంచేసుకుంటారు, మనిషిని దేశంలోకి రాకుండా ఆపలేరు. వీసా మీద వచ్చినవాణ్ణి వెనక్కి పంపేయగలరు. పార్ట్‌టైం పని గురించిన చాట్లు దొరికాక మన విద్యార్థుల్ని తిప్పి పంపిన వార్తలు మీరు చదివే ఉంటారు. పరిస్థితి అక్కడిదాకా వస్తే 'విత్‌డ్రాయల్' అడగండి, అంటే ప్రవేశం కోరడం మానుకుని వెనక్కి వెళ్ళిపోతాననడం. దానికి ఫారం ఐ-275, ఇవ్వాలా వద్దా అన్నది అధికారి ఇష్టం. ఇస్తే వీసా పోవచ్చు కానీ ఐదేళ్ళ నిషేధం పడదు. జడ్జి విచారణ లేకుండా అధికారే పంపేసే ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ అయితే ఆ నిషేధం పడుతుంది.

గ్రీన్ కార్డు మీద వచ్చే అమ్మానాన్నల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరునెలలు దాటి ఇండియాలో ఉండి తిరిగొస్తే సెకండరీ (అదనపు తనిఖీ) గదిలో కూర్చోబెట్టి ఐ-407 ముందు పెట్టిన సందర్భాలున్నాయి. అది గ్రీన్ కార్డు వదులుకుంటున్నట్టు రాసిచ్చే ఫారం. సంతకం పెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదు. 'సంతకం పెట్టను, ఇమిగ్రేషన్ జడ్జి దగ్గర విచారణ కావాలి' అనాలి, తెలుగు దుబాసీని అడగాలి. అప్పుడు కార్డు వదులుకున్నారని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిది. ఏడాది దాటి ఉండాల్సివస్తే అమెరికా వదలకముందే ఐ-131 వేసి రీఎంట్రీ పర్మిట్ తీసుకోండి.

2025 వసంతంలో జరిగింది కూడా చెప్పుకోవాలి. 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర రికార్డులతో పోల్చి చూశారని, సుమారు 6,400 పేర్లు కలిశాయని అధికారులే కోర్టులో చెప్పారు. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో వేలమంది రికార్డులు రాత్రికి రాత్రి రద్దయ్యాయి. వాళ్ళలో ట్రాఫిక్ ఉల్లంఘనలవాళ్ళు, కేసు కొట్టేసినవాళ్ళు ఉన్నారు. దేశమంతటా దావాలు పడ్డాక ఏప్రిల్ 25న ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. కాబట్టి స్టోర్లో దొంగతనం కేసైనా, స్పీడింగ్ కేసైనా, అది కొట్టేశాక కోర్టు గుమాస్తా దగ్గర ముద్ర వేసిన డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే) కాపీ తీసుకుని దాచండి. కొట్టేసిన కేసు కూడా కంప్యూటర్లో అరెస్టులాగే కనిపిస్తుంది.

ఎవరినైనా పట్టుకెళ్ళాక ఇంట్లోవాళ్ళు మొదట చేసేది ఐస్ లొకేటర్ వెబ్‌సైటులో వెతకడం. అక్కడ పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఇంకోచోట, కొన్ని వీసాల్లో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఉండటంతో వెతికినా దొరకదు. ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ మనిషికి ఇచ్చే నంబరు), పుట్టిన దేశం కొడితే దొరుకుతుంది. ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగ అనుమతి) చేసినవాళ్ళకు ఈఏడీ కార్డు మీద 'యూఎస్‌సీఐఎస్ నంబర్' అని తొమ్మిది అంకెలుంటాయి, అదే. ఇంట్లో ఒకరి దగ్గర రాసిపెట్టండి. టెక్సాస్, లూసియానాలకు తరలించే సమయంలో కాసేపు కనబడకపోవచ్చు, మళ్ళీ మళ్ళీ చూడాలి. లాయరు మాట్లాడాలంటే అతను మీ తరఫు లాయరని చెప్పే జీ-28 ఫారం కావాలి. అది ముందే సంతకం చేసి ఉంచితే ఒక రోజు కలిసొస్తుంది. అరెస్టు సంగతి తమ కాన్సులేట్‌కు తప్పనిసరిగా తెలియజేయాల్సిన దేశాల జాబితాలో మన దేశం లేదు, కాబట్టి లోపలున్నవాళ్ళే అడగాలి. వీసా మీద వచ్చి, పాత నేరాలు లేనివాళ్ళు బాండ్ (బెయిలు లాంటిది) అడగొచ్చు. చట్టంలో కనీస మొత్తం 1,500 డాలర్లు, జడ్జీలు వేసేది చాలాసార్లు అంతకంటే ఎక్కువే. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం వద్దు.

ఇక నష్టపరిహారం. ఊరి పోలీసు హద్దు మీరితే 1871 నాటి పౌరహక్కుల చట్టం కింద అతని మీదే దావా వేయొచ్చు. ఆ చట్టం ఫెడరల్ ఏజెంట్లకు వర్తించదు. వాళ్ళ కోసం 1971లో సుప్రీంకోర్టు తెరిచిన దారిని 2022 తీర్పుతో అదే కోర్టు దాదాపు మూసేసింది. జనం కోపానికి అసలు ఇంధనం ఇదేనని నేనంటాను. మిగిలింది ఉద్యోగుల తప్పులకు ఫెడరల్ ప్రభుత్వాన్నే పరిహారం అడిగే ఎఫ్‌టీసీఏ (ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ యాక్ట్) చట్టం ఒక్కటే. 1973లో ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో నార్కోటిక్స్ ఏజెంట్లు తప్పుడు ఇళ్ళ మీద పడ్డప్పుడు దేశం అట్టుడికింది. దాంతో 1974లో ఆ చట్టాన్ని సవరించారు. 2017లో అట్లాంటాలో ఎఫ్‌బీఐ ఒక ఇంటికి బదులు ఇంకో ఇంటి తలుపు పగలగొడితే ఆ కుటుంబం ఈ చట్టం కిందే కోర్టుకెళ్ళింది. కింది కోర్టులు తోసేశాయి. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాట మీద ఆ కేసును తిరిగి విచారణకు పంపారు.

దానికి స్టాండర్డ్ ఫారం 95 నింపాలి, రుసుము లేదు. ఎన్ని డాలర్లు కావాలో అంకె ఖచ్చితంగా రాయాలి. 'తర్వాత చెబుతాను' అనో, ఖాళీగానో వదిలేస్తే ఆ ఫారం చెల్లదు, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. ఆ తర్వాత కోర్టులో అంతకంటే ఎక్కువ అడగడం చాలా కష్టం, కాబట్టి వైద్యం ఖర్చు, పోయిన జీతం అన్నీ కలిపి వేసుకోండి. ఘటన జరిగిన రెండేళ్ళలోపు ఆ శాఖకు చేరాలి. ఆర్నెల్ల దాకా జవాబు రాకపోతే కోర్టుకు వెళ్ళొచ్చు, తిరస్కరిస్తూ ఉత్తరం వస్తే ఆ ఉత్తరం తేదీ నుంచి ఆర్నెల్లే గడువు. సర్టిఫైడ్ మెయిల్లో పంపి రసీదు దాచండి. గడువు లెక్కలో మీరు పోస్టు చేసిన తేదీ పనికిరాదు, వాళ్ళకు అందిన తేదీనే చూస్తారు.