అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూడబోతున్నారా?

ప్రశ్న: మా అమ్మాయి అయోవా యూనివర్సిటీలో చదువుతోంది. అక్టోబరులో వెళ్లినప్పుడు మమ్మల్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్తానంటోంది. ఆట ఓనమాలు కూడా తెలియవు. ఏం చూసుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మ్యాచ్‌కి మూడు నాలుగు గంటల ముందే వెళ్లండి. అసలు సందడి పార్కింగ్‌లోనే. కార్ల వెనక డోర్లు ఎత్తి, గ్రిల్ మీద మాంసం కాల్చుకుంటూ కూర్చుంటారు. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. ఎవరైనా పిలిస్తే మొహమాటపడకండి, కానీ వట్టి చేతులతో వెళ్లొద్దు. అయోవా జట్టు రంగులైన నలుపు, పసుపు బట్టలైతే వాళ్లలో కలిసిపోతారు. ఎదుటి జట్టు రంగు మాత్రం వద్దు.

చాలా స్టేడియాల్లో హ్యాండ్‌బ్యాగు గేటు దగ్గరే ఆగిపోతుంది. 12×6×12 అంగుళాలు మించని పారదర్శక సంచీయే సాధారణ నియమం. బయల్దేరే ముందు స్టేడియం వెబ్‌సైట్ చూసుకోండి.

ఆట లెక్కకి 60 నిమిషాలే, పూర్తయ్యేసరికి మూడున్నర గంటలు. కొత్తవాళ్లు పొరబడేది అరుపుల దగ్గరే. బంతి మన జట్టు దగ్గరుంటే గప్‌చుప్, క్వార్టర్‌బ్యాక్ (ఎత్తుగడ చెప్పి ఆట నడిపించే ఆటగాడు) కేకలు తోటి ఆటగాళ్లకి వినబడాలి. ఎదుటివాళ్ల దగ్గరుంటే, ముఖ్యంగా మూడో డౌన్‌లో (పది గజాలు ముందుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), గొంతు చించుకోండి. హాఫ్‌టైమ్‌లో కాఫీకి పరిగెడితే బ్యాండ్ కవాతు పోయినట్టే.

మొదటి క్వార్టర్ (ఆటలో మొదటి పావు భాగం) అవగానే స్టేడియం అంతా పక్కనున్న పిల్లల ఆసుపత్రి వైపు తిరిగి చేతులూపుతుంది. ఈ ఆనవాయితీ 2017లో మొదలైంది. పై కిటికీల్లోంచి పిల్లలూ ఊపుతారు. అప్పుడు ఫోన్ జేబులో పెట్టేయండి.