ఆ బండలను కప్పేయకండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరులో తాతల నాటి మిద్దె. ముందుగదికి పాతకాలపు కళ తేవాలని ఉంది. నేల మీది నల్ల కడప బండలు మాసిపోయాయి. టైల్స్ వేయించమంటారా?

జవాబు: వద్దమ్మా! ఆ కళంతా బండల్లోనే ఉంది. యాసిడ్ మాత్రం పోయకండి. అది సున్నపురాయి, యాసిడ్ తగిలితే పొంగి పైపొర పోతుంది. సబ్బునీళ్లతో రుద్ది, బాగా ఆరాక పల్చగా అవిసె నూనె పట్టించి తుడిచేయండి, నలుపు తేలుతుంది. గోడలకు సున్నమే వేయించండి, చెమ్మ ఆరిపోతుంది. పాతవాటిలా కనిపించే కొత్త సోఫాలు నాకు నచ్చవు. మీ ఇంట్లో భోషాణం ఉంటే దాన్నే ముందుకు తెండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊళ్లో తోలుబొమ్మల కళాకారులు చేసే తోలు లాంప్‌షేడ్ ఒకటి తగిలించండి, రంగులు వెలుగుతాయి. లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాతరకం బల్బు వేడికి తోలు ముడుచుకుంటుంది.